వెనక బస్సు

ట్రిప్పు షీటు 1. మార్కాపురం వదిలాక

కండక్టరుగా పనిచేసినన్నాళ్లూ రోజూ ట్రిప్పు షీటు రాయక తప్పేది కాదు. అప్పుడు తిట్టుకుంటూ రాసేదాన్ని. రిటైరయ్యాక అది లేకపోతే తోచడం లేదు. అందుకని ఈ ప్రయాణానికి కూడా షీటు రాద్దామని కూర్చున్నాను. డ్రైవరు యశ్వంత్, మా ఆయన. కండక్టరు లాస్య, అంటే నేనే. ప్రయాణికులు ఒక్కరు, అది కూడా కుక్క. పుట్టినప్పటి నుంచి టికెట్టు లేకుండానే తిరుగుతోంది కాబట్టి దానికి పాసు అని పేరు పెట్టాం.

నా పేరు చూసి ఎవరూ నవ్వక్కర్లేదు. మా అమ్మ కాలంలో ఆడపిల్లలకి ఇలాంటి పేర్లే ముద్దు. మెట్టు ఎక్కితే మోకాలు, మెట్టు దిగితే నడుము పట్టుకునే మనిషికి లాస్య ఏమిటని నాకే నవ్వొస్తుంది.

డిపో మూసేసి బస్సులు వేలం వేసినప్పుడు, మేమిద్దరం ఆఖరిదాకా నడిపిన బండినే ఈయన పట్టుబట్టి తెచ్చుకున్నాడు. వెనక సీట్లు పీకించి మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించాం. ముందు సీట్లు మాత్రం తీయనివ్వలేదు.

"ఎవరొచ్చి కూర్చుంటారని?" అన్నాను.

"బస్సన్నాక సీట్లుండాలి. లేకపోతే అది పెట్టె" అన్నాడు.

పైకప్పంతా సౌర పలకలే. ఎండ ఉన్నంతసేపు నడుస్తుంది, పొద్దు వాలితే ఆగిపోతుంది. మా వయసుకి అది సరిపోయింది. లద్దాఖ్ దాకా వెళ్లి పాసుకి మంచు చూపించాలని ఈయన కోరిక. అడిగిందెవరు అంటే పాసే అంటాడు.

పాత అలవాట్లు ఇద్దరికీ పోలేదు. నేను "రైట్ రైట్" అంటే తప్ప ఈయన బండి కదపడు. "హోల్డాన్" అంటే చాలు, ఆలోచించకుండా కాలు బ్రేకు మీదికి పోతుంది. అన్నం వడ్డించేటప్పుడు కూడా చాలు అనడు, చెయ్యి అడ్డం పెట్టి హోల్డాన్ అంటాడు.

ట్రిప్పు షీటు 2. నిర్మల్

ఇవాళ నీళ్లు పట్టుకోవడంతోనే పొద్దు గడిచింది. కుళాయి దగ్గర పెద్ద లైను. లైను పక్కన పాతిన నీడ కంబానికి అరచెయ్యి ఆనించి పేరు చెప్పి, నా నీడని లైన్లో నిలబెట్టి, మేము ఎదురుగా టీకొట్టులో కూర్చున్నాం.

నీడల గురించి రాయాల్సిందేమీ లేదు, అందరూ వాడేవే. మా నాయనమ్మ కాలంలో లైన్లో చెప్పులు పెట్టి చెట్టు కిందికి పోయేవారట, బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసేవారట. ఇదీ అంతే. కంబం మన రూపాన్ని, గొంతుని, అప్పటిదాకా మన బుర్రలో ఉన్న సంగతుల్ని పట్టుకుని మన బదులు నిలబడుతుంది. తిరిగి వచ్చి చెయ్యి ఆనిస్తే నీడ మనలో కలిసిపోతుంది. అది విన్న మాటలు, పడిన తోపులాట అన్నీ మనం పడ్డట్టే గుర్తుంటాయి. నిలబడ్డ నొప్పి దానిది, తాగిన టీ నాది. కలిశాక రెండూ నావే.

టీ తాగుతుంటే ఈయన దోర్నాల ఘాటు రోజు గుర్తుచేశాడు. నేను ఉద్యోగంలో కొత్త. ఘాటు మధ్యలో బండి చెడిపోయింది. బండి చెడితే కండక్టరుకి ఒకటే రూలు. వెనక వచ్చే బస్సుల్ని ఆపి, ఆఖరి ప్రయాణికుణ్ణి ఎక్కించేదాకా రోడ్డు మీదే నిలబడాలి. అందరినీ ఎక్కించేసరికి పొద్దు గూకింది. నా ముఖం ఎండకి కమిలిపోయింది.

"అప్పుడే అనుకున్నా, చేసుకుంటే ఈ మొండిఘటాన్నే చేసుకోవాలని" అన్నాడు.

"అనుకున్నవాడివి ఒక గొడుగైనా తెచ్చావా?"

"బండి కింద ఉన్నానే బాబూ, బోల్టు విప్పుతూ."

ఎన్నిసార్లు చెప్పుకున్నా ఈ ముచ్చట మా ఇద్దరికీ పాతబడదు.

ట్రిప్పు షీటు 3. హింగన్‌ఘాట్ దాటి

తమాషాకి పోయి తగువు తెచ్చుకున్నట్టయింది.

మిట్టమధ్యాహ్నం. రోడ్డు పక్కన రేకుల షెడ్లు వరుసగా ఉన్నాయి, అన్నీ ఖాళీ. మరాఠీ దేశంలో తెలుగు బోర్డు చూసి ఈయన బండి ఆపాడు. 'దివి ప్రాంతం వారి తాత్కాలిక వసతి' అని ఉంది. నీళ్ల ఏడాదిలో సముద్రం పైకొచ్చి దివిసీమని ముంచినప్పుడు, అక్కడి వాళ్లని ఇంత దూరం తెచ్చి పెట్టారన్నమాట. షెడ్ల ముందు బస్సు షెల్టరు, దాని పక్కన కంబం. షెల్టరు మీద 'తిరుగు బస్సు ఇక్కడ ఆగును' అని రాసి ఉంది.

ఈయన మొహం చిన్నబోయింది. ఈయన మొదటి డ్యూటీ నాగాయలంక రూటే. నేను ఉద్యోగంలో చేరేటప్పటికే ఆ రూటు నీళ్లలో కలిసిపోయింది.

ఈయన్ని నవ్విద్దామని ఫుట్‌బోర్డు మీద నిలబడి, కమ్మీ పట్టుకుని, పాత గొంతుతో అరిచాను. "అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక! ఎక్కండెక్కండి, లోపలికి జరగాలి, లోపలికి జరగాలి! రైట్ రైట్!"

ఈయన నవ్వాడు. నవ్వుతూనే గేరు వేశాడు. బండి కదల్లేదు. తలుపు మూసుకోలేదు. ప్రయాణికులు ఎక్కేటప్పుడు వంగినట్టు బండి ఎడమ పక్కకి కాస్త వంగింది. సీట్ల మీది చిన్న దీపాలు ముందు నుంచి ఒకటొకటిగా ఎర్రబడ్డాయి. పాసు లేచి నిలబడి, ఎవరూ లేని మెట్ల వైపు చూసి, పక్కకి జరిగి దారి ఇచ్చింది.

తలుపు దానంతటదే మూసుకుంది. కిటికీ అద్దాల్లో చూశాను. సీట్లు ఖాళీ. అద్దాల్లో మాత్రం ప్రతి సీట్లోనూ మనుషులు, మూటలతో.

ట్రిప్పు షీటు 4. హింగన్‌ఘాట్ నుంచి వెనక్కి

బండి ఉత్తరానికి పోనంటోంది. స్టీరింగు అటు తిప్పితే మోటారు ఆగిపోతోంది, దక్షిణానికి తిప్పితే నడుస్తోంది. ప్రయాణికులు ఉండగా రూటు తప్పకూడదని డిపో వాళ్లు దాని బుర్రలో ఎప్పుడో రాసి పెట్టిన రూలు. తీసేయడానికి ఇప్పుడు డిపో లేదు. షెల్టరు కంబం దగ్గర లైన్లో మిగిలిపోయిన నీడలివి, ఏళ్ల తరబడి ఎండకి వెలిసిపోయి అద్దాల్లో తప్ప కనిపించడం లేదు. అవన్నీ దిగితే తప్ప ఈ బండి వేరే దారి పట్టదు.

ఎవరికైనా ఫోను చేద్దామన్నాను. ఈయన వినిపించుకోలేదు. అద్దంలోకి చూస్తున్నాడు.

మొదటి సీట్లో ఉన్నది వజ్రమ్మ గారు. అద్దంలో నెరిసిన ముడి, బొట్టు, ఒళ్లో గుడ్డ సంచి కనిపిస్తాయి. మాట సీటు వెనకున్న స్పీకర్లోంచి వస్తుంది.

"అమ్మాయ్, కండక్టరమ్మా, నాగాయలంక ఎప్పటికి పోతామే?"

"మీరెప్పుడు బయల్దేరారండీ?" అని అడిగాను. ఏం అడగాలో తెలియక.

"నీళ్లొస్తన్నయ్, రెండు పూటలు గట్టుకి పొండి అని లారీ ఎక్కించారు. లారీ ఎన్నాళ్లు నడిచిందో ఏందో, ఇక్కడ దించారు. నల్లోణ్ణి గొలుసేసి కట్టేసి వచ్చానమ్మా. నా కుక్క. లారీ ఎంబడ పడతాడని కట్టేశా. సాయంత్రానికి వస్తాలేరా అని చెప్పి వచ్చా. పెట్టిన బువ్వ ఈపాటికి అయిపోయుంటది."

పాసు వెళ్లి ఆ సీటు కింద పడుకుంది. మాకెవరికీ కనిపించని చెయ్యి ఏదో వీపు మీద పడినట్టు తోక ఆడించింది.

ఆమె వెనక సీట్లో కోడూరు సెంటర్ టైలరు మస్తాన్ వలి. నవ్వు గొంతు. "మా క్యాంపుని ఒకరోజు ఉన్నపళంగా ఎత్తేశారండి. లారీలొచ్చి అందర్నీ ఎక్కించుకుపోయాయి. మమ్మల్ని లైన్లో నిలబెట్టినోళ్లు మళ్లీ రాలేదు" అన్నాడు. తాను నీడనని అతనికి తెలుసు. తెలిసీ అంత మామూలుగా చెప్పాడు.

"మరి మీవాళ్లు లేకుండా మీరు వెళ్లి ఏం చేస్తారు?" అన్నాను.

"మా మిషనుంది కదమ్మా అక్కడ. ఆయన వస్తే కుట్టుకుంటాడు. రాకపోతే నేను చూసుకుంటా."

ట్రిప్పు షీటు 5. నల్లగొండ దగ్గర

వాళ్లకి ఉన్నమాట చెప్పేశాను. ఊళ్లు లేవు, సముద్రం పైకొచ్చేసింది, నేను పెళ్లికూతుర్ని కాకముందే మునిగిపోయాయి అని. తర్వాత వజ్రమ్మ గారు నిదానంగా అన్నారు.

"క్యాంపు ఆఫీసరు కూడా ఇదే చెప్పాడమ్మా. ఆయనదేం పోయింది, రోజుకో మాట చెప్పేవాడు. మాకు నీళ్లు కొత్తా? వస్తయ్, పోతయ్. ఉప్పుటేరు పక్కన పుట్టినోళ్లం. చూస్తే గాని నమ్మం."

అటు నుంచి చాలామంది "అంతే, అంతే" అన్నారు. అద్దంలో తలలు ఊగాయి.

నన్ను భయపెడుతున్నది వాళ్లు కాదు, మా ఆయన. ఈయన పెట్టె అడుగు నుంచి ఖాకీ చొక్కా తీసి ఇస్త్రీ చేసుకున్నాడు. పొద్దున్నే గడ్డం గీసుకుని సీట్లో కూర్చుంటున్నాడు. ప్రతి మలుపుకీ వెనక్కి తిరిగి "ఇదిగోనండీ ఘాటు, ఇదిగోనండీ కాలవ" అని వాళ్లకి చెబుతున్నాడు. మస్తాన్ వలితో కోడూరు సెంటర్లో ఏ హోటల్లో ఉప్మా పెసరట్టు బాగుండేదో అని గంటలు గంటలు వాదులాట. రిటైరయ్యాక ఈ మనిషి నాతో ఇన్ని మాటలు ఆడి ఎరగడు. నేను అట్లు పోసి పెడితే తిన్నది కూడా గుర్తులేదు. ఉక్రోషం వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గే గాని, సవతులు బస్సు నిండా ఉన్నట్టుంది నా బతుకు.

"పెనుమూడి దాకా పోనిస్తాను. అక్కడి నుంచి వారధి ఎక్కితే అవతల పులిగడ్డ. అటు నుంచి కరకట్ట పట్టుకుంటే నాగాయలంక ఎంతసేపు?" అన్నాడు ఇవాళ.

"వారధి ఉంది. అవతలేముంది?"

"ఆటు సమయానికి కరకట్ట తేలుతుందట. వజ్రమ్మ గారు చెప్పారు."

"ఆవిడ చెప్పింది నీ మొదటి డ్యూటీ నాటి సంగతి."

ఈయన స్టీరింగు మీద చెయ్యి రాస్తూ అన్నాడు. "ఆవిడ కుక్కని కట్టేసి వచ్చింది లాస్యా. ఒక్కసారి వెళ్లి గొలుసు విప్పొద్దాం."

ఎప్పటి కుక్క, ఎప్పటి గొలుసు అని అరిచాను. అరిచాక, వజ్రమ్మ గారు విన్నదేమోనని అద్దంలోకి చూశాను. ఆమె కిందికి వంగి పాసు తల నిమురుతోంది.

ట్రిప్పు షీటు 6. గుంటూరు దాటాక

పాసు ఇప్పుడు నల్లోడా అంటే కూడా తోక ఊపుతోంది. నా మంచం దగ్గరికి రావడం మానేసింది.

మిట్టమధ్యాహ్నం పూట బస్సులో ఎవరూ మాట్లాడరు. అందరూ కునుకు తీస్తున్నట్టు అద్దాల్లో తలలు వాలిపోయి ఉంటాయి. ఆ పూటే నాకు ఎక్కువ భయం. చిన్నప్పుడు మిట్టమధ్యాహ్నం ఒంటరిగా బావి దగ్గరికి పోవద్దనేవారు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. వెలుతురు ఇంత ఉండి, ఎదుట ఏమీ లేకుండా, పక్కన ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టుంటే చీకటే నయమనిపిస్తుంది.

ఈయన్ని దిగిపోదాం రమ్మన్నాను. బండిని ఇక్కడే వదిలేసి, పాసుని తీసుకుని, ఏదో ఒక లారీ ఎక్కుదామన్నాను. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను.

"డ్రైవరు ప్రయాణికుల్ని వదిలి దిగిపోతాడా? నువ్వు దిగుతావా దోర్నాలలో?" అన్నాడు.

నా ముచ్చటే నాకు అడ్డం పెట్టాడు. ఈ మనిషి లేకుండా నేను దిగలేను. ఈ మనిషి ఈ బండి దిగడు. బండేమో సముద్రంలోకి పోతోంది.

ట్రిప్పు షీటు 7. పెనుమూడి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

రేపల్లె దాటాక ఇళ్లు లేవు. ఉప్పు పేరిన నేల, మోడులైన కొబ్బరి చెట్లు. పెనుమూడి దగ్గర షెల్టరు ఒక్కటి గట్టు మీద మిగిలి ఉంది, పక్కన కంబం. అక్కడి నుంచి వారధి మొదలవుతుంది. ఎండలో ధగధగ మెరుస్తూ నీళ్ల మీదుగా దూరం పోయింది. అవతలి కొస కనిపించలేదు. కొస ఉండాల్సిన చోట రోడ్డు మెల్లగా దిగి నీళ్లలోకి వెళ్లిపోయింది.

"చూశారా?" అన్నాను బస్సంతా వినేలా.

వజ్రమ్మ గారు అద్దానికి ముఖం ఆనించి చూసింది. "పోటు మీదుంది. ఆటుకి తగ్గుద్దిలే" అంది. చుట్టాల ఇంటికి పోతూ వాన పడితే అన్నట్టే అంది.

"తగ్గేదాకా ఆగుదాం" అన్నాను ఈయనతో.

"ఎండ ఉండగానే దాటాలి" అన్నాడు. నేను రైట్ అనలేదు. మా కాపురంలో మొదటిసారి నేను రైట్ అనకుండా ఈయన బండి కదిపాడు.

వారధి మీద చక్రాల చప్పుడు మారింది. రెండు పక్కలా నీళ్లు. బస్సంతా కబుర్లు మొదలయ్యాయి, ఊరు దగ్గర పడితే బస్సులో ఎలా మొదలవుతాయో అలాగే. మూటలు సర్దుకుంటున్నారు. ఎవరో "మా గుమ్మం ముందే ఆపండి డ్రైవరు గారూ" అన్నారు. ఈయన "అట్టాగేనండీ" అన్నాడు. ఆ ముఖంలో వెలుగు ఏమని రాయను. మా పెళ్లినాటి ముఖం అది.

రోడ్డు వాలు పట్టింది. ముందు చక్రాలు నీళ్లు చిమ్మాయి. పాసు నా కాళ్ల దగ్గరికి వచ్చి ఏడుపు మొదలుపెట్టింది. ఈయన ఆపలేదు. నీళ్లు ఫుట్‌బోర్డు మెట్టు ఎక్కాయి. ఏవండీ అని పిలిచాను, యశ్వంత్ అని పేరు పెట్టి పిలిచాను. పలకలేదు. నన్ను మర్చిపోయాడు. ఇక చచ్చిపోతామనుకున్నాను.

అప్పుడు నా నోట్లోంచి అదే వచ్చింది. ఆలోచించి అన్నది కాదు.

"హోల్డాన్!"

ఈయన కాలు బ్రేకు మీద పడింది. ఈయన ఆపలేదు, ఆ కాలు ఆపింది. బండి ఊగి నిలబడింది. ఈయన ఉలిక్కిపడి, నిద్ర లేచినవాడిలా అద్దంలోంచి ఎదురుగా నీళ్లని చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"వెనక్కి" అన్నాను.

రివర్సు గేరులో అదే దారిన వెనక్కి పోతే రూటు తప్పినట్టు కాదు. అంతవరకు రూలు మమ్మల్ని కాచింది. షెల్టరు దాకా వెనక్కే వచ్చాం. నేను లేచి, కండక్టరు సీటు దగ్గర నిలబడి, అందరికీ వినిపించేలా చెప్పాను.

"బండి ఇంక పోదండీ. చెడిపోయింది. అందరూ దిగండి. వెనక బస్సు వస్తుంది, ఇదే టికెట్టు మీద అందులో ఎక్కిస్తాను."

"నిజమేనా డ్రైవరు గారూ?" అన్నాడు మస్తాన్ వలి.

ఈయన ముప్ఫై ఏళ్ల సర్వీసులో నడిచే బండిని చెడిపోయిందని చెప్పినవాడు కాదు. స్టీరింగు మీద తల ఆనించి అన్నాడు. "పోదండీ. నా వల్ల కాదు."

ఒక్కరూ లేవలేదు.

"క్యాంపులో కూడా బస్సొస్తదని చెప్పి లారీలెక్కి పోయారమ్మా" అంది వజ్రమ్మ గారు. కోపంగా అనలేదు. "మా సొంత మడుసులే పోయారు. నువ్వు మాతో దిగి నిలబడతానంటే దిగుతాం."

కండక్టరు నిలబడాలి. అది రూలే. నేను దిగాను. పాసు కూడా నా వెంట దిగింది. నీళ్లలోకి పోతుందేమోనని షెల్టరు కమ్మీకి గొలుసుతో కట్టాను. బస్సు ఎడమ పక్కకి వంగింది. సీట్ల మీది దీపాలు ఒకటొకటిగా ఆరిపోయాయి. షెల్టరు నిండా ఎండ కాస్త మసకబారింది.

ఈయన దిగి నా పక్కకి వచ్చాడు. నేను బస్సెక్కితే వాళ్లూ ఎక్కుతారు. నేను ఎక్కకపోతే మేమిద్దరం ఇక్కడే ఈ ఉప్పు నేల మీద కూర్చోవాలి. ఇద్దరం ఒకేసారి కంబం వైపు చూశాం. ఈయన వద్దని తల ఊపాడు.

"తిరుగు ట్రిప్పులో వచ్చి చెయ్యి ఆనిస్తాను. ఎన్నిసార్లు నిలబెట్టలేదు, నీళ్ల కోసం, పిండి కోసం?" అన్నాను.

షీటు ఇక్కడికి ఆపుతున్నాను. వెళ్లి చెయ్యి ఆనించాలి.

షీటు, నంబరు లేదు. పెనుమూడి షెల్టరు

కలం లేదు. కంబం వింటోంది, దానికే చెబుతున్నాను.

ఇన్నేళ్లూ కంబానికి చెయ్యి ఆనించిన ప్రతిసారీ, వెనక్కి తిరిగి టీకొట్టుకి పోయేది నేనే. నిలబడేది అది. ఈసారి చెయ్యి ఆనించి పేరు చెప్పాను. చల్లగా తగిలింది. వెనక్కి తిరగబోయాను, కాలు రాలేదు. ఎదురుగా ఒక ముసలామె నా చీర కట్టుకుని, నా చేతిని ఆ చీరకే తుడుచుకుంటూ నన్ను చూస్తోంది. అప్పుడు తెలిసింది. ఈసారి నిలబడేది నేను.

ఆమెకి కూడా తెలిసిపోయింది, నా ముఖం చూసి. ఏదో చెప్పబోయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆమె స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని, చేశాను కూడా. కానీ ఏడుపు మాత్రం వచ్చింది. మా ఆయన ఆమె పక్కన ఉన్నాడు, నా పక్కన లేడు.

ఆయన కంబం దగ్గరికి వచ్చాడు. నా ముఖంలోకి చూడలేక నా కాళ్ల వైపు చూశాడు.

"మోకాళ్లు నొప్పెడితే కూర్చో. పొద్దస్తమానం నిలబడకు" అన్నాడు.

నీడకి మోకాళ్లేమిటని వెక్కిరించబోయాను. నిజంగానే నొప్పెడుతున్నాయి.

"గుండె మాత్రలు వేసుకో. మంచులో చెవులకి గుడ్డ కట్టుకో" అన్నాను.

"తిరుగు ట్రిప్పులో వస్తాం."

"అలాగే."

లద్దాఖ్ ఎంత దూరమో నాకు తెలుసు. ఆయన గుండె సంగతి తెలుసు. హింగన్‌ఘాట్‌లో వీళ్లని నిలబెట్టి వెళ్లినవాళ్లు కూడా సాయంత్రానికి వద్దామనే అనుకుని ఉంటారు. అందుకని ఆయన్ని ఒట్టు వేయమనలేదు.

ఆమె వంగి పాసు గొలుసు విప్పింది. ఇద్దరూ బస్సెక్కారు. పాసు ఎక్కలేదు. బస్సు వైపు నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను పిలిస్తే వచ్చేస్తుంది, నా గొంతే కదా దానికి తెలుసు. వచ్చి నా కాళ్ల దగ్గర పడుకుంటుంది. తిండి పెడదామన్నా ఈ నీడ చేతులకి ఏదీ అందదు. ఈ గట్టు మీద తాగే నీళ్లు లేవు. పిలవాలని ప్రాణం కొట్టుకుపోయింది. పళ్లు బిగబట్టి సముద్రం వైపు తిరిగాను.

కాసేపటికి గోళ్ల చప్పుడు వినిపించింది. పాసు పరిగెడుతోంది, బస్సు వైపు. పక్కన వజ్రమ్మ గారు చేతులు రెండూ నోటి దగ్గర పెట్టుకుంది.

"విప్పేశారే! అమ్మాయ్, నల్లోణ్ణి విప్పేశారే! చూడు ఎట్టా పరిగెడుతున్నాడో!"

"అవునండీ, విప్పేశారు" అన్నాను.

ఆమె షెల్టరు అరుగు మీద కూర్చుంది. నీళ్లు తగ్గాయా అని మళ్లీ అడగలేదు. మస్తాన్ వలి మాత్రం అడిగాడు, "వెనక బస్సు ఎంతసేపట్లోనమ్మా?" అని. వస్తోందని చెప్పాను. అది వచ్చేదాకా నేను ఇక్కడే ఉంటానని కూడా చెప్పాను. ఆ రెండో మాట అబద్ధం కాదు.

బస్సు ఇంకా కదల్లేదు. పాసు లోపలికి ఎక్కింది. అద్దంలోంచి ఆయన చేతులు స్టీరింగు మీద కనిపిస్తున్నాయి. ఫుట్‌బోర్డు మీద ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. ఆమెకి గొంతు పెగలడం లేదు. చెప్పందే ఆయన బండి కదపడు.

కమ్మీ లేదు గాని, కమ్మీ పట్టుకున్నట్టే చెయ్యి పైకెత్తాను. దోర్నాల ఘాటులో అరిచినట్టు అరిచాను.

"రైట్! రైట్!"

బండి కదిలింది.